ఠాకూర్ కువాలో చెప్పని మాట

తారాబాయిని హిమాలయాలకు తీసుకువెళ్లడానికి క్లబ్బువాళ్లు చూసుకున్నది ఆమె హిందీనే. ఆ మాట వాళ్లు దాచలేదు కూడా.

2016లో న్యూజిలాండ్‌లోని లోవర్ హట్ ఊరి కొండనడక క్లబ్బు ఒక పెద్ద యాత్ర తలపెట్టింది. హిమాచల్‌లో పార్వతీ లోయ పట్టుకుని పైకి నడిచి, పిన్ పార్వతీ కనుమ దాటి, అవతల స్పితి వైపు దిగాలి. పది రోజుల నడక. కనుమ ఎత్తు అయిదువేల మూడువందల మీటర్లు. ఏడుగురు సభ్యులు పేర్లిచ్చారు. నాయకుడు గ్రాహమ్, భూముల సర్వే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఇరవై ఏళ్ల క్రితం అదే కనుమ కిందిదాకా వెళ్లి, మంచు తుపాను వల్ల వెనక్కి వచ్చాడు. ఆ సంగతి అతనితో నాలుగుసార్లు నడిచిన ప్రతివాళ్లకూ తెలుసు.

"గైడ్ ఇంగ్లీషు అంతంతమాత్రం. కూలీలకు అదీ రాదు. నువ్వు వస్తే మాకు నోరు ఉన్నట్టే తారా" అన్నాడు గ్రాహమ్.

తారాబాయికి అప్పటికి నలభై నాలుగేళ్లు. పుట్టింది బోధన్‌లో. చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో ఇరుగుపొరుగు ఉర్దూవాళ్లతో ఆడుకుంటూ హిందీ నేర్చింది. భర్త నర్సింహ స్టూడెంట్ వీసా మీద ముందు వస్తే, ఏడాది తర్వాత కూతురు సిరిని వెంటబెట్టుకుని ఈమె వచ్చింది. అతను కొరియర్ వ్యాన్ నడుపుతాడు. ఆమె ముసలివాళ్ల కేంద్రంలో కేర్‌గివర్‌గా ఏడేళ్లుగా పని చేస్తోంది. స్నానాలు చేయించడం, మందులిప్పించడం, పక్కలు మార్చడం. షుగర్ వచ్చేలా ఉంది, నడవమని డాక్టర్ చెబితే, తోటి పనివాళ్లలో ఒకామె శనివారం నడకకు లాక్కుపోయింది. మొదటి రోజు ఒరొంగొరొంగో లోయలో బూటు అడుగు ఊడిపోయింది. సంచిలో ఉన్న బ్యాండేజీతో కట్టుకుని తిరిగొచ్చింది. మూడేళ్లు గడిచేసరికి టరరువా కొండల మీద, మనిషిని పక్కకు నెట్టేసే గాలిలో, పదిహేను కిలోల బరువుతో నడిచే స్థితికి వచ్చింది. అయినా క్లబ్బులో ఆమెను ఏదైనా పెద్ద నడకకు పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

నర్సింహకు ఇష్టం లేదు. "సెలవు దొరికితె ఎవరన్న ఇంటికి పోతరు. గా మంచులకు పోయేటోళ్లు ఉంటరా?"

"ఇంటికి ఎన్నిసార్లు పోలే? మన దేశంల గా కొండలు ఎట్లుంటయో నేను సూడనే లేదు. ఇదొక్కసారి పోనియ్యి."

"లెట్ హర్ గో, డాడ్" అంది సిరి ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే. ఆ మాటతో తేలిపోయింది.

సెప్టెంబరులో బర్షైణీ అనే ఊరి నుంచి నడక మొదలైంది. తొమ్మిదిమంది కూలీలు. అందరూ నేపాల్ నుంచి వచ్చి కులూ ఆపిల్ తోటల్లో పనిచేసుకుంటూ, నడక సీజన్‌లో బరువులు మోసేవాళ్లే. తారాబాయి బోధన్ హిందీ విని వాళ్లకు ఒకటే నవ్వు. ఎవరైనా టీ ఇస్తే, వద్దనడానికి ఆమె "నక్కో" అనేది. ఆ మాట వాళ్లెప్పుడూ వినలేదు. అందరికంటే ఎక్కువ నవ్వినవాడు కర్ణబీర్. నలభై దాటిన మనిషి, వంట సామాను, స్టవ్‌లు, కిరసనాయిలు డబ్బా అతని వీపు మీదే ఉండేవి. ఆమె తెచ్చుకున్న మామిడి తొక్కు రొట్టె మీద రాసుకు తిని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ మళ్లీ చేయి చాపాడు. రెండో రోజుకే ఆమె అతనికి దీదీ అయింది.

మూడో రోజు మజిలీ ఠాకూర్ కువా. లోయ అక్కడ వెడల్పవుతుంది. చెట్లు వెనకబడిపోతాయి. అందరూ చేరిన రెండు గంటలకు కర్ణబీర్ వచ్చాడు. బరువు దించి, నుదుటికి కట్టిన పట్టీ తీయకుండానే బండకు ఆనుకున్నాడు.

గ్రాహమ్ చూశాడు. "అతనికి ఒంట్లో ఎలా ఉందో అడుగు తారా. బాగా లేకపోతే ఇక్కణ్ణుంచే దింపేద్దాం. కిందికి ఒకటిన్నర రోజు నడిస్తే ఖీర్‌గంగాలో గుర్రాలు దొరుకుతాయి. ఇంకా పైకి వెళ్లాక కష్టం."

తారాబాయి వెళ్లి అతని పక్కన గొంతుకూర్చుంది. గ్రాహమ్ నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు.

"వారం నుంచి దగ్గు దీదీ" అన్నాడు కర్ణబీర్. "ఎక్కుతుంటే ఛాతీలో గుడ్డ కుక్కినట్టు ఉంటోంది." అంతలోనే గొంతు తగ్గించాడు. "సాబ్‌కి చెప్పకు. మధ్యలో దింపేస్తే మమ్మల్ని పనికి కుదిర్చే ఠేకేదారు మళ్లీ పిలవడు. పోయినేడు దిగిపోయిన ఇద్దర్ని ఈ సీజన్‌లో ఒక్కసారి కూడా పిలవలేదు. రెండు రోజుల్లో తగ్గిపోతుంది. నీ మీద ఒట్టు."

ఆ దగ్గు ఎలాంటిదో ఆమెకు తెలుసు. కేంద్రంలో ముసలివాళ్ల దగ్గర రోజూ వినే దగ్గే. కానీ ఆ భయం కూడా ఆమెకు తెలుసు. పనిలో చేరిన కొత్తలో, వీసా ఇంకా తాత్కాలికంగా ఉన్నప్పుడు, జ్వరంతో వణుకుతూ నాలుగు షిఫ్టులు చేసింది. సూపర్‌వైజర్ ఎదురుపడినప్పుడల్లా నవ్వేది. ఒక్కరోజు మానేస్తే వచ్చే వారం రోస్టర్‌లో పేరుండదేమోనని.

ఆమె లేచి నిలబడింది. "అలసిపోయాడంతే. బాగానే ఉన్నానంటున్నాడు" అంది ఇంగ్లీషులో.

"మంచిది" అని గ్రాహమ్ టెంటు వైపు వెళ్లిపోయాడు.

ఆమె ఊరుకోలేదు. గైడ్ హీరాలాల్‌తో మాట్లాడి కిరసనాయిలు డబ్బా ఇంకొకరికి మార్పించింది. కర్ణబీర్ కంబళ్ల మూట తన సంచికి కట్టుకుంది. జ్వరం మాత్రలిచ్చింది. ఒక మనిషి పని కాపాడానన్న తృప్తితోనే ఆ సాయంత్రం అన్నం తిన్నది.

మర్నాడు పాండు పుల్ దాటారు. నది మీద ప్రకృతి పడేసిన పెద్ద బండలే అక్కడ వంతెన. కర్ణబీర్ గట్టిగానే దాటాడు, ఆమెను చూసి చెయ్యి కూడా ఊపాడు. తారాబాయి మనసు తేలికపడింది. ఓడీ థాచ్ మైదానంలో మజిలీ. అయిదో రోజు మధ్యాహ్నానికి మంతలాయి సరస్సు దగ్గరికి చేరారు. నాలుగువేల వంద మీటర్లు. గాలికి సరస్సు నీళ్లు గులకరాళ్లను కొడుతున్నాయి. ఎదురుగా కనుమ వైపు పోయే మంచు తెల్లగా కనబడుతోంది. గ్రాహమ్ దాన్ని ఫొటోలు తీస్తూ ఉన్నాడు.

కర్ణబీర్ వచ్చి బరువు దించాడు. కూర్చోలేకపోయాడు. పడుకుంటే ఊపిరాడక లేచాడు. తారాబాయి అతని వీపుకు చెవి ఆనించింది. గ్లాసు అడుగున మిగిలిన నీళ్లను స్ట్రాతో పీల్చినట్టు చప్పుడు. గోళ్లు నీలంగా ఉన్నాయి.

"గ్రాహమ్!" అని అరిచింది. "ఊపిరితిత్తుల్లో నీళ్లు. ఇప్పుడే దింపాలి. రేపటి దాకా ఆగేది లేదు."

అతను పరుగున వచ్చాడు. ఉన్న ఒక్క ఆక్సిజన్ సిలిండర్‌ను క్షణం ఆలోచించకుండా తెచ్చిచ్చాడు, మందుల పెట్టె తెరిచాడు. ఫోన్ అందే చోటు రెండున్నర రోజుల దూరంలో ఉంది. హీరాలాల్ దిగలేడు. మంచులో పగుళ్లు ఎక్కడున్నాయో తెలిసింది అతనొక్కడికే, మిగిలిన వాళ్లను దాటించాలి.

"ఇద్దరు కూలీలను ఇచ్చి పంపిద్దాం" అన్నాడు గ్రాహమ్.

"నేనూ పోతాను."

"పోతే మళ్లీ మమ్మల్ని అందుకోలేవు."

"తెలుసు."

అతను కనుమ వైపు ఒకసారి చూశాడు. "నేను రావాలా తారా? నిజం చెప్పు."

"వద్దు" అంది. తను అబద్ధం చెప్పిన మనిషి ముఖం ఎదురుగా పెట్టుకుని రెండు రోజులు నడవడం ఆమెవల్ల కాదు.

వెదురు బుట్టను ఒకవైపు కోసి, అందులో కర్ణబీర్‌ను కూర్చోబెట్టి, నుదుటి పట్టీతో ఇద్దరు కూలీలు వంతులవారీగా మోశారు. తారాబాయి సిలిండర్ పట్టుకుని పక్కనే నడిచింది. చీకటి పడేసరికి ఓడీ థాచ్ చేరారు. ఆక్సిజన్ అప్పటికే అయిపోయింది. తెల్లవారి మళ్లీ బయల్దేరారు. కొంచెం తెరిపిన పడ్డట్టే కనిపించాడు, నీళ్లడిగి రెండు గుక్కలు తాగాడు. పాండు పుల్ దగ్గరికి వచ్చేసరికి ఎండ బాగా వచ్చింది. బండ మీద సగం దాటాక, మోస్తున్న కూలీ ఆగిపోయాడు.

"దీదీ, బరువు మారింది" అన్నాడు.

మెల్లగా అవతలికి దాటించి దించారు. కర్ణబీర్ పోయాడు. తారాబాయి ఎందరో ముసలివాళ్లకు చివరిసారి కళ్లు మూసింది. ఆ రోజు చెయ్యి రాలేదు. ఆ కూలీనే మూశాడు.

శవంతో బర్షైణీ చేరడానికి మరో రెండు రోజులు పట్టింది. పోలీసులు వచ్చారు, కాగితాలు రాసుకున్నారు. కర్ణబీర్ భార్య సున్‌మాయాను తోట యజమాని జీపులో తెచ్చాడు. సన్నగా ఉంది, చేతులకు ఇంకా ఆపిల్ పెట్టెల గడ్డి అంటుకుని ఉంది. చాలాసేపు ఏడ్చి, టీ కొట్టు బల్ల మీద తారాబాయి పక్కకు వచ్చి కూర్చుంది.

"తోడు వచ్చింది మీరేనట కదా" అంది వచ్చీరాని హిందీలో. "ఏమన్నా చెప్పాడా?"

అబద్ధం చెప్పడానికి ఎంతైనా వీలుంది. "మూడో రోజే చెప్పాడు. ఛాతీ పట్టేసిందన్నాడు. సాబ్‌కి చెప్పొద్దన్నాడు. నేను చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ రోజే దింపేసేవాళ్లు" అంది తారాబాయి.

సున్‌మాయా కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇంట్లో ఉన్నప్పుడే దగ్గుతున్నాడు. ఆవనూనె వేడిచేసి రాసి పంపించాను. పోవద్దని నేనూ అనలేదు."

తారాబాయి ఆమె చేతి మీద చెయ్యి వేయబోయింది.

"కానీ పైన గాలి ఎలా ఉంటుందో నాకు తెలీదు దీదీ" అంది సున్‌మాయా. "మీరు రోగుల దగ్గర పని చేస్తారట కదా. మీకు తెలుసు కదా."

తారాబాయి చెయ్యి వెనక్కి తీసుకుంది. సున్‌మాయా జవాబు కోసం ఆగలేదు. లేచి పోలీసుల దగ్గరికి వెళ్లిపోయింది.

మిగిలినవాళ్లు కనుమ దాటారు. అవతలి ఊరికి చేరాక వాళ్లకు కబురు తెలిసింది. అక్టోబరులో లోవర్ హట్‌లో క్లబ్బు సమావేశం జరిగింది. గ్రాహమ్ లేచి, తారాబాయి కనుమను వదులుకుని ఒక మనిషి కోసం దిగిందని చెప్పాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. సున్‌మాయాకు పంపడానికి చందా కూడా పోగుచేశారు. తారాబాయి కూర్చున్నచోటి నుంచి కదల్లేదు. సమావేశం అయ్యాక గ్రాహమ్ కారు దగ్గర ఆగి చెప్పింది. ఠాకూర్ కువాలో తను అడిగిందేమిటో, కర్ణబీర్ అన్నదేమిటో, తను ఇంగ్లీషులో చెప్పిందేమిటో.

గ్రాహమ్ తెరవబోయిన కారు తలుపు మళ్లీ మూసేశాడు.

"నేను నిన్ను అడిగాను" అన్నాడు. "అతన్ని అడగలేను కాబట్టి నిన్ను అడిగాను. ముప్పై ఏళ్లలో కొండ మీద నాకెవరూ అబద్ధం చెప్పలేదు తారా."

"అతని పని పోతుందని..."

"అది నాకు చెప్పాల్సింది! ఠేకేదారుతో నేను మాట్లాడేవాణ్ణి. కూలి పూర్తిగా ఇప్పించేవాణ్ణి. నాకు ఆ అవకాశం నువ్వివ్వలేదు."

అతను చెప్పింది నిజమే. అది ఆమెకు తట్టనే లేదు. పని ఇచ్చేవాళ్లు ఇలాంటివి వినరనే ఆమె ముందుగా అనుకుంది. అతను కారెక్కి వెళ్లిపోయాడు. తర్వాత ఎప్పుడైనా వెల్లింగ్టన్ రైల్లో ఎదురైతే తల ఊపేవాడు, అంతే. ఆమె క్లబ్బు మానేసింది. సున్‌మాయాకు తోట యజమాని ఫోన్‌కి మూడుసార్లు మెసేజ్ పెట్టింది. ఒక్కదానికే జవాబొచ్చింది, పిల్లలు బాగున్నారని.

నర్సింహ మొదట్లో, "నువ్వు సంపినవా ఏంది ఆయన్ని? మంచిగ చేద్దామనుకున్నవ్" అనేవాడు. కొన్నాళ్లకు అనడం మానేశాడు. వారాలకొద్దీ ఆమె వంటింట్లో అన్నం గిన్నె మూత తీసినప్పుడల్లా, ఆ బుడబుడలో కర్ణబీర్ ఊపిరి చప్పుడే విని స్టవ్ ఆపేసి బయటికి వచ్చేసేది. సిరి అన్నం వండడం అప్పుడే నేర్చుకుంది.

2018లో పక్కవీధి లోకేశ్, గుంటూరు అతను, వాళ్లమ్మ సుశీలమ్మను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమని అడిగాడు. తనకు షిఫ్టు ఉందిట. తారాబాయి వెళ్లింది. గదిలో డాక్టర్, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అని అడగమన్నాడు.

"వస్తందిలే తల్లీ, ఎడమచెయ్యి కూడా లాగుద్ది" అంది సుశీలమ్మ. వెంటనే ఆమె మోచెయ్యి పట్టుకుంది. "అదంతా ఈయనకి చెప్పమాక. కాగితాల్లో రాశారంటే ఇక్కడ కొడుకు దగ్గర ఉండిపోటానికి నాకు వీసా రాదంట. లేదని చెప్పు, నీకు పుణ్యముంటది."

తారాబాయి ఆమె ముఖంలోకి చూసింది. "నాతోని కాదమ్మా. నేను విన్నది చెప్పాల్సిందే" అని, డాక్టర్ వైపు తిరిగి ఉన్నదున్నట్టు చెప్పింది, చెప్పొద్దని అడిగిన సంగతితో సహా.

పరీక్షల్లో గుండె రక్తనాళం ఒకటి పూడుకుపోతోందని తేలింది. మందులిచ్చారు. వీసా రాలేదు, డిసెంబరులో ఆమె వెళ్లిపోయింది. లోకేశ్ భార్య ఇండియన్ స్టోర్‌లో తారాబాయి కనిపిస్తే ట్రాలీ తిప్పుకుని ఇంకో వరసలోకి పోతుంది.

"మంచి పనే చేసినవా మరి?" అని అడిగాడు నర్సింహ ఒకరోజు, నిందగా కాదు, తెలుసుకుందామనే.

"తెల్వది" అంది తారాబాయి. "చెప్పిన."