ఇరవై నాలుగో బెజ్జం

హేమ్లి మా వర్క్‌షాపులో చేరిన రోజు మొదట అడిగింది జీతం గురించి కాదు, మేకు గురించి. కంప్యూటర్ పైన గోడకు ఒక మేకు కొట్టమంది. ఎందుకని అడిగితే సంచిలోంచి ఒక చుట్టకుదురు తీసి చూపించింది. నెత్తిన బిందె నిలబడడానికి పెట్టుకునే గుడ్డ చుట్ట. దాని చుట్టూ తెల్లటి గవ్వలు వరసగా కుట్టి ఉన్నాయి. వాళ్లమ్మ చాంది, ఆ పిల్ల మాటల్లో 'యాడి', కుట్టిందట. అశ్వారావుపేట పామాయిల్ తోటల్లో రాలిన పండ్లు ఏరి వచ్చాక, సాయంత్రం పూట గుమ్మంలో కూర్చుని కుడుతుందట.

"ఇది వర్క్‌షాపా, బొమ్మల కొట్టా?" అని కసిరాను. కసిరి మేకు నేనే కొట్టాను. నా కోపం అంతే, పాలపొంగు లాంటిది. ఇరవై ఏళ్లుగా ట్రాక్టర్ ట్రాలీలూ మిల్లు సామానూ బాగుచేస్తున్న ఈ రవీందర్ నోటికి ఊళ్లో ఎవరూ భయపడరు.

భయపడాల్సింది మా దూలయ్యకు. నలభై ఏళ్ల ఫిట్టరు. ఇనుప స్కేలు, డివైడరు, సుద్దముక్క ఉంటే చాలు, ఏ చక్రాన్నైనా సమానంగా పంచేస్తాడు. డ్రాయింగులు గీసే కంప్యూటరు కొన్నానని ఆయన నాతో రెండు వారాలు మాట్లాడలేదు. అలక తీరాక కూడా, పొద్దున్నే వచ్చి నూనె మరకల పనిముట్ల సంచీని ఆ కంప్యూటరు ముందు కుర్చీలోనే పెట్టేవాడు. హేమ్లి వచ్చి, "నమస్తే మామా" అని, సంచీని జాగ్రత్తగా దించి పక్కన పెట్టి కూర్చునేది. మర్నాడు మళ్లీ సంచీ కుర్చీలోనే. ఇది రోజూ జరిగే పూజ.

పాలిటెక్నిక్ చదివిన పిల్ల. వాళ్ల తండాలో మెకానికల్ చదివిన మొదటి ఆడపిల్ల. మూడు నెలలు చూస్తాననీ, సొంతంగా ఒక పని ఒడ్డెక్కిస్తే ఉంచుకుంటాననీ, లేకపోతే లేదనీ ముందే చెప్పాను. బయట ఇంకెక్కడా ఆ పిల్లకు పని దొరకలేదనీ, ఇక్కడ కుదరకపోతే తల్లి వెంట తోటలోకే పోవాలనీ నాకు తెలుసు. తెలిసే అలా చెప్పాను. అదొక గొప్ప అనుకున్నాను అప్పుడు.

మూడో నెలలో గంగక్క వచ్చింది. అడవి వైపు కోయగూడెంలో ఆడవాళ్ల సంఘానికి పెద్ద. ఏరుకొచ్చి ఆరబెట్టిన ఇప్పపువ్వులో మట్టి పోవాలంటే చేటలతో చెరగాలి.

"చెరిగి చెరిగి మా ముక్కుల నిండా మట్టే పోతున్నది తమ్మీ. చెయ్యితోని తిప్పితే మట్టి కిందికి, పువ్వు ముందుకు పోయేటట్టు ఏదన్న చేసియ్యి. పువ్వు రాలుడు మొదలైంది, వచ్చేది కాక అవతలి సోమారం కల్లా కావాలె."

"నేను గీస్త అక్కా," అంది హేమ్లి, నేను నోరు తెరవకముందే.

నాలుగు రోజుల్లో గీసింది. పొడవాటి రేకు డ్రమ్ము, ఒళ్లంతా జల్లెడ బెజ్జాలు. రెండు అంచుల్లోనూ చుట్టూ బోల్టు బెజ్జాలు, ఒక్కో అంచుకు ఇరవై నాలుగు. లోపల రెండు ఇనుప రింగులు, వాటికీ ఇరవై నాలుగు. డ్రమ్మును రింగుల మీదికి తొడిగి బోల్టులు బిగిస్తే పని అయిపోయినట్టే. రేకు కోసి చుట్టడానికి డ్రాయింగు ఖమ్మం పంపాం. రింగులు మాత్రం దూలయ్య తన డివైడరుతోనే గుర్తుపెట్టి బెజ్జాలు వేశాడు.

శనివారం పొద్దున డ్రమ్ము వచ్చింది. రింగు మీదికి తొడిగాం. మొదటి బోల్టు నున్నగా దిగింది. రెండోది మొరాయించింది. మూడోదాని బెజ్జంలోంచి చూస్తే రింగు బెజ్జం సగమే కనబడింది. అవతలి వైపు తిరిగి చూస్తే బెజ్జానికి ఎదురుగా ఉత్త ఇనుమే ఉంది.

దూలయ్య వేలితో డ్రమ్ము చుట్టూ లెక్కపెట్టాడు. రెండుసార్లు లెక్కపెట్టాడు. మొహం వెలిగిపోయింది.

"ఇరవై మూడే ఉన్నయ్. ఏందమ్మా, నీ కంప్యూటరుకు లెక్కలు రావా?"

హేమ్లి పరుగున పోయి డ్రాయింగు తెరిచింది. తెర మీద ఇరవై నాలుగు అనే అంకె ఉంది. తలెత్తి గోడకున్న చుట్టకుదురు చూసింది. చూసి పకపకా నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

"సోమవారం గంగక్కకు నీ నవ్వు చూపించాలా?" అని అరిచాను.

"తప్పు నాదే అన్నా," అంది, నవ్వు ఆపుకుని. "మా యాడి కుదురు చుట్టూ గవ్వలు కుట్టుకుంట వచ్చి, ఆఖరి గవ్వను మొదటి గవ్వ మీదనే కుడుతది. ముడి కనబడొద్దని. ఇరవై నాలుగు గవ్వలు పడతయ్, కంటికి ఇరవై మూడే కనబడతయ్. చుట్టు అంటే నాకు గదే తెలుసు. మొదటి హోల్ ఎక్కడ, ఆఖరిది ఎక్కడ అని కంప్యూటర్ అడిగింది. రెండూ ఒక్క చోటే అని పెట్టిన. అది కూడా నేను చెప్పినట్టే ఒకదాని మీద ఒకటి పెట్టింది."

నేను చుట్టకుదురు దించి లెక్కపెట్టాను. ఇరవై మూడు. ఒక గవ్వను వేలితో కొంచెం ఎత్తి చూస్తే, దాని కింద ఇరవై నాలుగోది.

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. కొత్త డ్రమ్ము రావడానికి నాలుగు రోజులు పడుతుంది. అంటే సోమవారం మాట తప్పినట్టే, ఈ పిల్ల తోటలోకి పోయినట్టే. ఆ రెండోదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"డ్రమ్ముకు ఏం కాలేదన్నా," అంది హేమ్లి. "ఇరవై మూడూ సమానంగనే ఉన్నయ్. ఇరవై మూడు హోల్స్‌తోని కొత్త రింగులు చేసుకుంటే సరిపాయె."

ఇనుప పట్టీ ఉంది, వంచే మిషనూ ఉంది. రింగులు మధ్యాహ్నానికే తయారయ్యాయి. కానీ దూలయ్య డివైడరు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. చక్రాన్ని ఆరు చేయడం ఆయనకు కళ్లు మూసుకుని వచ్చు. ఆరును పన్నెండు, పన్నెండును ఇరవై నాలుగు చేస్తాడు. ఇరవై మూడు ఎక్కడ విరగ్గొట్టినా విరగదు. గంటసేపు గీశాడు, తుడిచాడు. ప్రతిసారీ ఆఖరి భాగం పొట్టిదో పొడుగుదో అయింది.

"ఇది దేవునితోని గూడ కాదు," అని డివైడరు బల్ల మీద పడేశాడు.

హేమ్లి మళ్లీ తన కుర్చీలో కూర్చుంది. కంప్యూటర్లో ఈసారి చుట్టూ సమానంగా అని పెట్టి, ఇరవై మూడు కొట్టింది. రింగు చుట్టుకొలతకు సరిపడా పొడవాటి కాగితం మీద అచ్చు తీయించుకొచ్చింది. గుర్తులున్న ఆ కాగితాన్ని రింగు చుట్టూ తిప్పి, కొస కొసకు ఆనించి అంటించింది.

"మామా, గుర్తులు నావి. చెయ్యి నీదే కావాలె. నేనేస్తే వంకర పోతది."

దూలయ్య వంగి గుర్తులు లెక్కపెట్టాడు. కళ్లద్దాలు తుడుచుకుని డ్రిల్లు అందుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నానికి ఇరవై మూడు బోల్టులు ఒకదాని వెనక ఒకటి దిగాయి, రెండు వైపులా. ఆఖరిది దిగినప్పుడు ముగ్గురం ఒకేసారి కేక వేశాం. అందరికంటే పెద్ద కేక దూలయ్యది.

సోమవారం గంగక్క హ్యాండిల్ పట్టుకుని తిప్పింది. మట్టి జలజల కిందికి రాలింది, పువ్వు శుభ్రంగా అవతలి కొసన కుప్ప పడింది. ఆమె వెంట వచ్చిన ఆడవాళ్లు నేనంటే నేనని తిప్పడానికి తోసుకున్నారు. చాంది కూడా పని మానుకుని చూడడానికి వచ్చింది. అందరూ పువ్వును చూస్తుంటే ఆమె మాత్రం వంగి, బోల్టుల మీద వేలు పెట్టుకుంటూ డ్రమ్ము చుట్టూ తిరిగింది.

"ఇరవై మూడు," అంది కూతురితో. "ఇంకొకటి కింద దాసినవా?"

"అవ్ యాడీ," అంది హేమ్లి. చాంది గర్వంగా నా వైపు చూసింది. పని అంటే ఇలా ఉండాలి అన్నట్టు. నేను బుద్ధిగా తలూపాను. అప్పుడే అక్కడే, అందరి ముందూ, "రేపటి నుంచి హేమ్లి మా పర్మనెంట్ స్టాఫ్" అన్నాను. ఆ మాట నెల కిందటే అనాల్సిందని కూడా అన్నాను.

మంగళవారం పొద్దున హేమ్లి వచ్చి అలవాటుగా సంచీ దించబోయింది. కుర్చీలో సంచీ లేదు. తుడిచిన కుర్చీ, దాని పక్కన ఒక స్టూలు, స్టూలు మీద దూలయ్య.

"దా, కూసో," అన్నాడు. "ఇరవై మూడు సరే. పందొమ్మిది గూడ చేస్తదా ఇది? నలభై ఏండ్ల సంది నాకు పందొమ్మిది రాలే."