పిట్టకిచ్చిన మాట

ఈ మధ్య ఉడకబెట్టిన కోడిగుడ్లు సరిగ్గా ఒలవడానికి రావడం లేదు. ఇది కోళ్ళ తప్పో నీళ్ళ తప్పో నాకు తెలీదు. చల్లటి నీళ్ళలో వేయమని ఒకరు, ఉడికేటప్పుడు ఉప్పు వేయమని ఇంకొకరు చెప్పారు. రెండూ చేశాను. పెంకుతో పాటు సగం తెల్లసొన ఊడొస్తుంది. మిగిలింది చూస్తే ఎవరో కొరికి, నచ్చక పక్కన పెట్టినట్టుంటుంది. డిగ్రీ చదివినవాణ్ణి, ఒక గుడ్డు ఒలవలేకపోవడం నాకు చిన్నతనంగానే ఉంది.

మా బావ పోయిన మూడోనాడు పొద్దున నా ముందు అలాంటి గుడ్లే ఒక గిన్నెడు ఉన్నాయి.

ఆ రోజు పిట్టకు పెట్టుడు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, తీసుకెళ్ళి శ్మశానంలో విస్తరాకులో వడ్డించి, అందరం దూరం జరిగి నిలబడతాం. కాకి వచ్చి ముట్టాలి. ముడితే ఆ మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. బావకు ఇష్టమైనవి మటన్, బగారన్నం, మిర్చి బజ్జీ, గుడ్లు, ప్లాస్టిక్ గ్లాసులో ఒక అంగుళం బ్రాండీ. అల్వాల్‌లో అక్కవాళ్ళింట్లో ఆడవాళ్ళంతా వంటలో ఉన్నారు. నన్ను చూసి జాలిపడి ఎవరో గుడ్లు ఒలిచే పని ఇచ్చారు. బావ వాళ్ళ చిన్నాయన వచ్చి గిన్నెలోకి తొంగి చూసి, "ఏందిరా, వీటిని ముందుగాలనే కాకి ముట్టిందా?" అన్నాడు.

బావ అంటే మా అక్క భర్త. సికింద్రాబాద్‌లో రైల్వే ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయనా నేనూ ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారం చెరువు గట్టు మీద కూర్చుని పిట్టల్ని చూసేవాళ్ళం. నేను చిలకలగూడ నుంచి తెల్లారకముందే బస్సెక్కి అల్వాల్‌లో దిగితే, బావ రెండు ఫోల్డింగ్ కుర్చీలతో గట్టు మీదికి వచ్చేవాడు. గుర్రపుడెక్క వదిలేసిన నీళ్ళలో బుడుబుంగలు మునిగి లేచేవి. కరెంటు తీగ మీద లకుముకి ఉండేది. మేం పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఇద్దరు మగవాళ్ళు ఏమీ మాట్లాడకుండా పొద్దంతా కూర్చోవడానికి ఏదో ఒక సాకు కావాలి. మాకు పిట్టలు దొరికాయి.

రిటైరయ్యాక బావకు ఒక పిచ్చి పట్టింది. బాలి వెళ్ళాలి. నిప్పులు కక్కే కొండలున్న దీవి, ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది, అక్కడ మాత్రమే ఒక తెల్ల గోరింక ఉంటుంది, అడవిలో మిగిలినవి చాలా తక్కువ. పిట్టల్ని చూపించే టూర్ ఒకటి వెతికాడు. ఇద్దరికి టికెట్లు తీశాడు. ఆ ఇద్దరిలో రెండోవాణ్ణి నేను.

టికెట్లు వచ్చిన కొన్నాళ్ళకే, ఒక ఆదివారం పొద్దున బావ బూట్లు వేసుకుందామని సోఫాలో కూర్చుని, ఇక లేవలేదు. ఆ టైముకు నేను గట్టు మీద ఉన్నాను. ఆలస్యం చేసే మనిషి కాదే అని మాత్రం అనుకున్నాను. ఆ తర్వాత కొంగలు వచ్చాయి, వాటిని చూస్తూ ఉండిపోయాను.

సరే, శ్మశానం. విస్తరాకు వేసి, వడ్డించి, వేపచెట్టు కిందికి జరిగాం. కాకి లేదు. అల్వాల్‌లో మటన్ షాపుల ముందు కాకులకు కొదవ లేదు, ఇక్కడ మాత్రం ఒక్కటీ లేదు. ఎండ ఎక్కింది. బగారన్నం మీద ఈగలు వాలాయి. నిజం చెప్పాలంటే బావ కాకుల్ని ఏనాడూ పిట్టలుగా లెక్క వేయలేదు. గట్టు మీద ఏదైనా నల్లగా ఎగిరితే బైనాక్యులర్ ఎత్తి, "ఛ, కాకి" అని దించేసేవాడు. ఇన్నేళ్ళ అవమానాన్ని అవి ఊరికే వదిలేస్తాయా అని నాకు అనిపించింది.

"ఏదో కోరిక మిగిలిందే," అన్నాడు చిన్నాయన. "అడగుండ్రి. మాటియ్యుండ్రి."

అక్కాబావల బిడ్డ ముందుకొచ్చి, అమ్మను బాగా చూసుకుంటానని ఏడుస్తూ మాటిచ్చింది. కాకి రాలేదు. పెద్దమ్మ ఒకావిడ, యాదగిరిగుట్టకు పోయొస్తామని మొక్కింది. అదీ పనిచేయలేదు. గుడ్ల వల్లనే రావడం లేదని ఎవరో అన్నారు. అందరూ నావైపు చూశారు. నాకున్న చెడ్డ అలవాటు, అలాంటప్పుడు నోరు ఊరుకోదు. "బాలి టికెట్ వేస్టయిందని అలిగినట్టున్నడు," అన్నాను మెల్లగా.

అక్క విన్నది. మూడు రోజులుగా ఎవరితోనూ మాట్లాడని మనిషి, లేచి చెట్టు నీడ దాటి ఎండలోకి వెళ్ళి, విస్తరాకుకు కొంచెం దూరంలో నిలబడింది.

"నేను పోత," అంది. "నీ పిట్టను నేను చూసొస్త. ఇగ తిను."

ఎటునుంచి వచ్చిందో ఒక కాకి గోడ మీద వాలింది. మటన్ వదిలేసి, బజ్జీ వదిలేసి, నేను ఒలిచిన గుడ్డు ఒకటి ముక్కున కరుచుకుని పోయింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నా గుడ్డు అని నేనేమీ గొప్పలు చెప్పుకోలేదు.

అప్పటికప్పుడు అన్న మాట కదా, మర్చిపోతుందనుకున్నాం. అక్క పాస్‌పోర్టుకు ఫొటో దిగొచ్చింది. ఏడాది ఎల్లకముందే దేశం దాటుడేందని చిన్నాయన కూర్చోబెట్టి చెప్పాడు. "పిట్టకు మాటిచ్చిన," అంది అక్క. దానికి తిరుగు మాట లేదు. మాట తప్పమని ఎవరు చెప్తారు? చెప్పినవాళ్ళ విస్తరాకు దగ్గరికి రేపు ఏ కాకీ రాదు. బావ పేరు మీదున్న టికెట్టు మారదన్నారు, అక్కకు వేరేది తీశాం. అలా బావ చూడాల్సిన పిట్టల టూరుకు అక్కా నేనూ బయల్దేరాం. అక్కకు గోరింకకూ పావురానికీ తేడా తెలుసు. అంతవరకే.

విమానంలో అందరూ నిద్రపోతున్నప్పుడు అక్క అడిగింది.

"ఆదివారాలు మీరిద్దరు ఏం మాట్లాడుకునెటోళ్ళురా?"

"ఏం లేదక్కా. పిట్టల్ని చూసేటోళ్ళం."

"పొద్దుందాక?"

"పొద్దుందాక."

"నా ముచ్చట ఏమన్న తీసెటోడా?"

నేను కొంచెం ఆలోచించాను. అబద్ధం చెప్పడానికైనా ఆధారం ఉండాలి కదా. "ఉప్మాలో ఉప్పు ఎక్కువైందన్నడు ఒకసారి," అన్నాను. అక్క నవ్వుతుందనుకున్నాను. కిటికీ వైపు తిరిగి పడుకుంది. అప్పుడు నాకు అర్థమైంది, ఈమె వస్తున్నది గోరింక కోసం కాదు. ముప్ఫై ఏళ్ళకు పైగా తనతో కాపురం చేసిన మనిషి, వారానికి ఒకరోజు తనను వదిలి వెళ్ళి ఏం చూశాడో తెలుసుకోవడానికి. ఆ మిగిలిన కోరిక ఏందో, అది తన ఇంట్లో ఎందుకు తీరలేదో.

దీవి బాగుంది. బాగుందని అందరూ ఫొటోలు పెడతారు కాబట్టి ఆ సంగతి వదిలేస్తాను. మాకు మొదట కనబడింది నల్ల ఇసుక. కొండ ఎప్పుడో కక్కిన బూడిద అట, సముద్రం ఒడ్డంతా పెనం మాడినట్టు ఉంది. గాలి వెచ్చగా, ముఖానికి తడిబట్ట అంటించినట్టు ఉంది. దూరంగా అగ్నిపర్వతం మబ్బులో సగం మునిగి ఉంది. అది పొగో మబ్బో అని మా గ్రూపులో కాసేపు చర్చ జరిగింది. గ్రూపంటే వేరువేరు దేశాల నుంచి వచ్చిన, జేబులు ఎక్కువున్న చొక్కాల మనుషులు. మధ్యలో మా అక్క, నేత చీర, స్పోర్ట్స్ బూట్లు, మెడలో బావ బైనాక్యులర్. దాని పట్టీ బావ ఎత్తుకు సరిపోయేటట్టు ఉంది, అక్కకు పొట్ట మీదికి వేలాడుతోంది. పొట్టి చేస్తానంటే వద్దంది.

అక్కడ ప్రతి ఇంటి ముందూ, షాపు ముందూ, రోడ్డు పక్కనా ఆకులతో అల్లిన చిన్న చిన్న దొప్పలు పెడతారు. పువ్వులు, నాలుగు మెతుకులు, ఒక్కోసారి బిస్కెట్టు. దేవుడికట. పెట్టిన మనిషి వెనక్కి తిరగకముందే పిచ్చుకలు వాలి తినేస్తున్నాయి. అక్క హోటల్ ముందు నిలబడి చాలాసేపు చూసింది.

"వీళ్ళు ఏం మాటియ్యకుండనే వస్తున్నయి," అంది.

రోజూ చీకటితోనే లేపి వ్యానెక్కించేవారు. వరిమళ్ళలో కొంగలు, అడవిలో పేర్లు తెలియని పిట్టలు. గైడు చెయ్యి చాపగానే అందరూ బైనాక్యులర్లు ఎత్తేవారు, అక్క కూడా ఎత్తేది. కనబడిందా అంటే తలూపేది. మూడోరోజు నా బైనాక్యులర్‌కు ఆవిరి పట్టి, అక్కది అడిగి కళ్ళకు పెట్టుకున్నాను. కుడికంటికి అంతా మసక. బావకు ఆ కన్ను సరిగ్గా కనబడదు, దానికి సరిపోయేలా అద్దం తిప్పి పెట్టుకున్నాడు. మూడు రోజులుగా అక్క చూసిన దేశమంతా సగం మసకే.

"చెప్పొచ్చు కదక్కా. సరిచేస్త, ఇటియ్యి."

"ఉండనియ్యి," అంది లాక్కుని. "ఆయనకు కనబడ్డట్టే నాకు కనబడాలె."

ఆయనకు ఇలా కనబడేది కాదని, ఆయన కంటికి అది స్పష్టంగానే ఉండేదని వివరించబోయాను. ఫిజిక్స్ వినే ముఖం కాదది. మానుకున్నాను.

ఆ తెల్ల గోరింక దీవి పడమటి కొసన, ఎండిన అడవిలో ఉంటుంది. చివరి రోజు అక్కడికి వెళ్ళాం. పొద్దంతా నడిచాం, కనబడలేదు. అక్క మడమలు బూట్లలో పుళ్ళు పడ్డాయి, నడక మాత్రం ఆపలేదు. నీ పిట్టను చూసొస్తానని అంతమంది ముందు అన్నది. ఇది కనబడకపోతే ఇంటికెళ్ళి ఏ ముఖంతో పడుకుంటుందో అనుకుంటూ ప్రతి కొమ్మా రెండుసార్లు వెతికాను. నాకూ ఒక లెక్క ఉంది, ఎవరికీ చెప్పలేదు. ఆయన పోయాక నేను చెరువు దగ్గరికి వెళ్ళలేదు. ఇది చూస్తే మళ్ళీ వెళ్ళగలనేమో అనుకున్నాను.

మధ్యాహ్నం దాటాక, అడవి కాపలావాళ్ళ గుడిసె వెనక, ఒక ఎండుకొమ్మ మీద అది కూర్చుని ఉంది. వెతకాల్సిన పనే లేదు. తెల్లగా, మంచి సున్నం వేసిన గోడలా తెల్లగా, కళ్ళ చుట్టూ నీలం రాసుకున్నట్టు. కాలికి చిన్న రింగు. పంజరంలో పెంచి వదిలిన వాటిలో ఒకటట. పక్కనే దానికి కట్టించి ఇచ్చిన చెక్క గూడు. గ్రూపంతా కెమెరాలు టకటకలాడించారు, ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. అది మమ్మల్ని పట్టించుకోకుండా రెక్క కింద గోక్కుంది.

అక్క బైనాక్యులర్ ఎత్తి చూసింది. దించి, ఉత్త కళ్ళతో చూసింది.

"గోరింకే," అంది.

"గోరింకే."

"మనింటి గోడ మీద కూసుంటయి, గసొంటిదే. తెల్లగున్నది."

మిగతావాళ్ళు ఇంకేదో పిట్ట కూతపెట్టిందని గైడు వెంట అటు వెళ్ళారు. మేమిద్దరం గుడిసె అరుగు మీద కూర్చున్నాం. అక్క బూట్లు విప్పి కాళ్ళు నేల మీద ఆనించింది. గోరింక అక్కడే ఉంది. మాట తీరింది కదా, ఇప్పుడేం చేయాలో మాకిద్దరికీ తెలీలేదు.

"బావ ఉంటే ఇప్పుడేం చేసెటోడు?" అంది కాసేపటికి.

"ఏం చేసేటోడు కాదక్కా. బైనాక్యులర్ దించి నా మోకాలి మీద ఒక్కటి చరిచేటోడు. అంతే."

"అంతేనా?"

"అంతే."

అక్క తన మోకాలి వైపు చూసుకుంది.

"నేను సుత వస్త అన్న," అంది. "ఒక్కపారి కాదు, శానపార్లు అన్న. టీ చేసుకోని వస్త, మూలకు కూసుంట అన్న. వద్దన్నడు. ఆడోళ్ళొస్తే ముచ్చట్లు పెడతరు, పిట్టలు బెదురుతయి, నీ తమ్మునికి నచ్చదు, వాడు వద్దంటున్నడు అన్నడు. నువ్వు వద్దన్నంక ఇగ నేనేమంట. అడుగుడు బంద్ చేసిన."

బావ ఆ మాట నాతో ఎన్నడూ అనలేదు. అక్క వస్తానందని నాకు తెలియనే తెలియదు. తెలిస్తే ఇంకో కుర్చీ నేనే మోసేవాణ్ణి, టీ వస్తుందంటే ఆ కుర్చీ తలమీద పెట్టుకుని మోసేవాణ్ణి. అన్నేళ్ళు పక్కన కూర్చున్న మనిషి, నన్ను గోడలా అడ్డం పెట్టుకుని తన ఆదివారాలు కాపాడుకున్నాడన్నమాట. కోపం రావాలి. ఎవరి మీద తెచ్చుకోను? మాటకు మాట చెప్పుకునే అవకాశం ఆయనకు లేదు. పక్కన అక్క చెప్పులు లేని కాళ్ళతో, పొట్ట మీద ఆ బైనాక్యులర్‌తో కూర్చుని ఉంది. ఏ ఇంట్లో దినం జరిగినా ఏదో ఒకటి అని మనుషుల్ని నవ్వించేవాణ్ణి. అప్పుడు నాకు తట్టింది ఒకటే.

"అవునక్కా," అన్నాను. "నేనే వద్దన్న. అప్పుడు బుద్ధి లేకుండె."

అక్క నావైపు తిరిగి చాలాసేపు చూసింది. కోపంగా కాదు. చిన్నప్పుడు జ్వరముందా లేదా అని చూసినట్టు చూసింది.

"నీకు అబద్ధం చెప్పుడు రాదురా," అంది. "నువ్వు ఎవర్ని వద్దన్నవ్ రా ఎప్పుడన్న? ఆయనకే నేనొద్దు."