పులిసిన గంజి వాసన

కడపలో తాగుడు మానేసినవాళ్ల కోసం ఒక చిన్న కేంద్రం ఉంది. బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాక, ప్రతి శనివారం పొద్దున అక్కడికెళ్లి మెదడు గురించి పాఠం చెప్పేదాన్ని. సేవ అనుకునేవాళ్లు అందరూ. నిజానికి నాకు తాగేవాళ్ల మీద బొత్తిగా నమ్మకం లేదు. మా నాన్న మానేశానని ఒట్టేసిన ప్రతిసారీ, ఆయన గుమ్మంలోకి రాకముందే నా ముక్కుకు సంగతి తెలిసిపోయేది.

ఆ ముక్కుతోనే వెనక బెంచీలో కూర్చునే నేతపనాయన్ను పట్టుకున్నాననుకున్నాను. బద్వేలు దారిలోని మగ్గాల ఊరి నుంచి బస్సులో వచ్చేవాడు. పక్కగా వెళ్తే కల్లులాంటి పుల్లటి వాసన. వరసగా మూడు వారాలు అదే. చేతులు వణకవు, మాట తడబడదు. పైగా నోట్సు అందరికన్నా శుభ్రంగా రాసుకునేవాడు. ఎంత నటన అని నాకు ఒళ్లు మండేది.

ఆయన భార్య పిల్లల్ని తీసుకుని నందికొట్కూరులో పుట్టింటికి వెళ్లిపోయింది. నాకు ఫోన్ చేసి, భర్త మాట నమ్మననీ, మానేశాడని నేను చెబితేనే వస్తాననీ అంది. బడులు తెరిచేలోపు చెప్పకపోతే పిల్లల్ని అక్కడే చేర్పిస్తుందట.

ఆ శనివారం బోర్డు మీద మెదడు బొమ్మ గీశాను. ఏళ్లు గడిచినా పాత వాసన తగిలితే చాలు, ఆలోచించేలోపే మెదడు పాత దారి పడుతుందని చెప్పాను. ఆయన్నే చూస్తూ చెప్పాను. ఆయన తల దించుకున్నాడు. ఇంకేం రుజువు కావాలి?

మంగళవారం పొద్దున్నే చెప్పాపెట్టకుండా ఆ ఊరెళ్లాను. వీధి పొడవునా మగ్గానికెక్కించే పడుగు సాగదీసి, నలుగురు మగవాళ్లు నూలుకు గంజి పట్టిస్తున్నారు. ఆయనా వాళ్లలో ఉన్నాడు. పులవబెట్టిన బియ్యపు గంజి మోచేతుల దాకా కారుతోంది. అదే పుల్లటి వాసన. ఎండెక్కకముందే చేయాల్సిన పని, ఒకరి పడుగుకు ఇంకొకరు సాయం వెళ్తారట. శనివారాలు ఆ పని ముగించుకుని అలాగే బస్సెక్కేవాడు.

నాకు సిగ్గేసింది. ముందే చెప్పొచ్చు కదప్పా అని ఆయన్నే కసిరాను.

"తాగుతాండేటప్పుడు గూడా గంజి వాసనేనని చెప్పినోణ్ని మేడం," అన్నాడు. "ఇప్పుడు అదే మాట చెప్తే ఎవరు నమ్ముతారు?"

నిజమే, నేను నమ్మేదాన్ని కాదు. అప్పటికీ పూర్తిగా నమ్మలేదు. సిగ్గు విడిచి, ఒకసారి ఊదమన్నాను. అంతమంది ముందు, గంజి చేతులు వెనక్కి పెట్టుకుని, ఊదాడు. టీ వాసన వచ్చింది.

బస్సు కోసం నిలబడినప్పుడు ఆయన భార్యకు ఫోన్ చేసి, మానేశాడమ్మా, రా అన్నాను. వాసన సంగతి కూడా దాచకుండా చెప్పాను.

ఆమె గొంతు మారింది. "గంజి వాసనేనని ఆయనే చెప్పినాడా మేడం?"

లేదమ్మా, మూడు వారాలూ ఆ మాట ఎత్తలేదు, నేనే వచ్చి చూశానన్నాను.



"అట్లయితే వస్తా," అంది.