గోదాములో పురుడు

గిర్మాజీపేటలో కిరాణా దుకాణం నడిపిన పాండురంగం జీవితంలో చరిత్రకెక్కదగిన ఘట్టాలు రెండు. మొదటిది, సేర్లు పోయి కిలోలు వచ్చినప్పుడు ఆయనకు నిద్ర పట్టకపోవడం. అది దేశంలోని దుకాణదారులందరికీ సంభవించిన విపత్తే కనుక దాన్ని దేశచరిత్రకు వదిలేద్దాం. రెండోది ఒక కోడి. అది ఆయన సొంతం. కాదు, చిలుకమ్మ సొంతం. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ ఇంట్లో ఉల్లిగడ్డ వండినా సంజాయిషీ చెప్పుకోవాలి. గుడ్డు అనే మాట కంటికి జబ్బు చేసినప్పుడు తప్ప వినిపించేది కాదు. ఈ రాజ్యాంగాన్ని రాసినదీ అమలు జరుపుతున్నదీ ఆయన తల్లి సరస్వతమ్మ. రాజ్యాంగానికి భంగం కలిగితే ఆమె అరవదు, ఏడవదు. ఆ ఇంట్లో మంచినీళ్లు ముట్టడం మానేసి, సంచి సర్దుకుని, హనుమకొండలో ఉన్న చిన్నకొడుకు రామలింగం ఇంటికి వెళ్లిపోతుంది. వెనకొకసారి అలాగే వెళ్లి ఎండాకాలమంతా అక్కడే ఉండిపోయింది. "ఏం సేటూ, అమ్మ కనవడ్తలేదు?" అని బజారు అడిగినప్పుడల్లా పాండురంగానికి కోర్టులో శిక్ష చదివి వినిపించినట్టుండేది. తల్లి తినని ఇంటికి పెద్దకొడుకుగా ఉండడం కన్నా దివాలా తీయడం గౌరవమని ఆయన నమ్మకం.

చిలుకమ్మ వాళ్ల గోదాముకు వెనక సందులో ఉండేది. గోదాములో చింతపండు గింజ తీయడం, పప్పులు చెరగడం ఆమె పని. చైనా యుద్ధం అయిపోయిన మరుసటి ఎండాకాలం ఆమె ఎర్రకోడి కనబడకుండా పోయింది. నేరం బావురుపిల్లి మీద మోపి, దాని వంశాన్నంతా పేరుపేరునా తిట్టి, చిలుకమ్మ ఆ దావా మూసేసింది.

ఒకనాడు పాండురంగం ఆముదాల బస్తా కోసం గోదాములోకి వెళ్తే, బస్తాల వెనకనుంచి కుర్‌ర్ అని చప్పుడు వచ్చింది. వంగి చూశాడు. ఎర్రకోడి ఈకలు నిక్కబొడుచుకుని, పాత గోనెసంచి మీద దిండులా పరుచుకుని కూర్చుంది. అర్జీదారుణ్ణి తహసీల్దారు చూసినట్టు ఆయన్ను చూసింది. దాని కింద ఏదో తెల్లగా కనిపించింది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

పిలిస్తే చిలుకమ్మ చేట వదిలి పరుగెత్తుకొచ్చింది. "ఓసి దొంగముండా! ఈడ కాపురం వెట్టినవా?" అని కోడిని ఆప్యాయంగా పలకరించింది.

"ముచ్చట తర్వాత వెట్టు. ముందు దీన్ని తీసుకపో."

"ఎట్ల తీసుకపోను సేటూ? పొదుగుకు కూసున్నది. కదిలిస్తే బెదురుతది, మల్ల కూసోదు. గుడ్లన్ని మురుగుతయ్. అండ్ల పాణాలున్నయ్. నాకేంది, ఆ పాపం జాగ ఖాళీ చేపిచ్చినోళ్లకే తగుల్తది."

పాండురంగం ధర్మసంకటంలో పడ్డాడు. ప్రాణం తీయరాదనే కదా తరతరాలుగా తమ ఇంట్లో గుడ్డు ముట్టనిది! ముట్టరాదు కనుక ఉంచరాదు, చంపరాదు కనుక తీయరాదు. ఇంత చిక్కు ప్రశ్నకు శాస్త్రాల్లో జవాబు ఉండే ఉంటుంది గానీ, అడగాలంటే విషయం చెప్పాలి.

"పిల్లలయ్యేదాక ఉండనియ్యి. గని అమ్మకు తెలిసిందనుకో, నువ్వూ నేనూ ఇద్దరం ఆగమైతం."

"నాకు నోరున్నదా సేటూ?" అన్నది చిలుకమ్మ. ఆ నోటికి ఆ వాడంతా సాక్షి. "గని ఉరుములకు గుడ్లు పాడైతయ్. పక్కకు ఇనుపముక్క వెట్టాలె. ఏదన్న ఉంటే ఇయ్యి."

పాత తూకపురాళ్లు ఒక మూల పడి ఉన్నాయి. ఆయన అద్దసేరు రాయి తీసి ఇచ్చాడు. కిలోల ప్రభుత్వంలో కొలువు పోయిన ఆ రాయికి అలా మళ్లీ ఉద్యోగం దొరికింది.

కోడి రోజుకొకసారి లేచేది. గబగబా నాలుగు గింజలు ఏరుకుని, నీళ్లు తాగి, పెరట్లో బూడిదలో పొర్లి, ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిన ఇల్లాలిలా మళ్లీ పరుగెత్తేది. ఆ సమయానికి తల్లిని పెరటివైపు రానీయకుండా చూడడం పాండురంగానికి దినచర్య అయింది. ఇంతకుముందెన్నడూ లేనిది, ఆమె మోకాళ్ల నొప్పుల గురించి కూర్చోబెట్టి విచారించేవాడు. కొడుక్కు ఇంత ప్రేమ ఎందుకు పుట్టిందా అని సరస్వతమ్మకు అనుమానం వచ్చింది.

ఆ అనుమానంతోనే ఒకనాడు గోదాము గోడ ఇవతల ఆగి విన్నది.

"సేటూ, పెట్ట మంచిగున్నదా?"

"మెల్లగ మాట్లాడు! మంచిగనే ఉన్నది. ఎవరి కంట పడనిస్తలేను."

"లోపలియన్ని పదిలమేనా?"

"పదిలమే."

"పెట్ట నాది, జాగ నీది. నాయంగనైతే చెరిసగం పాలు పంచుకోవాలె. నువ్వేమో వద్దంటివి."

"నా పాలు గూడ నువ్వే ఉంచుకో. అమ్మకు తెలువకపోతే చాలు."

సరస్వతమ్మకు తెలిసిన తెలుగులో 'పెట్ట' అనే మాట లేదు. అందుచేత ఆమె చెవి దాన్ని 'పెట్టె' అని సవరించుకుంది. పాలు పంచుకోవడమంటే ఆమెకు తెలిసినది ఒక్కటే, అన్నదమ్ములు వేరుపడడం. పైగా అవి బంగారం మీద సర్కారు కన్నుపడిన రోజులు. ఎవరి ఇంట్లో ఏ పెట్టె ఎక్కడ దాగిందోనని బజారంతా గుసగుసలు. పెద్దకొడుకు తమ్ముడికి తెలియకుండా పెట్టె దాచాడు, తోడుదొంగ చిలుకమ్మ! తీర్పు సిద్ధమైంది. విచారణ మాత్రం మిగిలింది.

మధ్యాహ్నం పాండురంగం చారులో ఉండగా ఆమె అడిగింది. "గోదాంల పెట్టె ఉన్నదట గద?"

ఆయనకు అది 'పెట్ట' అనే వినిపించింది. నోటిదాకా వచ్చిన ముద్దను కంచంలో పెట్టేశాడు. "నీకెవరు చెప్పిండ్రమ్మా?"

"నా చెవులే చెప్పినయ్. నీ తమ్మునికి తెలుసా?"

"వానికెందుకమ్మా?"

"వానికెందుకా! అండ్ల సగం వానిది కాదా?"

పాండురంగం నివ్వెరపోయాడు. "వాడు హనుమకొండ వొయ్యి ఇసొంటియి తినుడు గూడ మొదలువెట్టిండా?"

"వాడెందుకు తింటడు? తినేది నువ్వు! ఒక్కనివే తిందామని చూస్తానవ్!"

"నీ మీదొట్టు అమ్మా! ఒక్కటి గూడ తినలే!"

సరస్వతమ్మ మజ్జిగ పోసుకోకుండా లేచిపోయింది. ఆ ఇంట్లో అంతకన్నా పెద్ద ప్రమాద సూచన లేదు. సాయంత్రానికల్లా హనుమకొండకు కబురు వెళ్లింది.

మర్నాడు పొద్దున్నే రామలింగం రిక్షాలో దిగాడు. సరస్వతమ్మ సంచి సర్దుకుని గడపలో కూర్చుంది. పెట్టె ఇద్దరు కొడుకుల ముందు తెరిపించి ఆ రిక్షాలోనే పోవాలని నిర్ణయం. రిక్షా ఆపి ఉంచి అందరూ గోదాములోకి నడిచారు. చిలుకమ్మ చేట అడ్డం పెట్టుకుని ఓ మూల నిలబడింది. తల్లికి విషయం ఎలా చెప్పాలా అని పాండురంగం నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచేలోపు ఆమె బస్తాల వెనక చీకట్లోకి చెయ్యి చాపింది.

చేతికి చల్లగా ఇనుము తగిలింది. "దొరికింది! పెట్టె మూల ఇదే!" అని ఇంకొంచెం ముందుకు చాపింది.

పెట్ట పొడిచింది.

"అబ్బా!" అని ఆమె చెయ్యి లాక్కోవడం, కోడి రెక్కలు విప్పి సగం లేవడం ఒక్కసారే జరిగాయి. కింద ఒక గుడ్డుకు పగులు పడి ఉంది. ఆ పగులులోనుంచి ఇంత ముక్కు బయటికి పెట్టి ఎవరో కియ్ అన్నారు.

రామలింగం కొంగు అడ్డం పెట్టుకోవడానికి కొంగు లేక, బస్తాల వైపు తిరిగి నవ్వాడు. పాండురంగం నేల చూశాడు. సరస్వతమ్మ వంగి ఆ ముక్కును చూసింది. తర్వాత చిలుకమ్మను అడిగింది.

"ఎప్పటిసంది?"

"తెల్లారంగ మొదలైందవ్వా. కడమయి గూడ ఒత్తానయ్."

"దానికి నీళ్లు వెట్టిండ్రా?"

"నేను వెట్టిన్నమ్మా," అన్నాడు పాండురంగం, నేరం ఒప్పుకుంటున్న గొంతుతో.

"పురుడు వచ్చింది," అన్నది సరస్వతమ్మ. "పదకొండోనాడు శుద్ధి. అందాక ఈ గోదాంల నుంచి గింజ బయటికి పోవద్దు."

"కందిపప్పంత ఈ గోదాంలనే ఉన్నదమ్మా!"

"పురిటింట్ల బేరమేందిరా?"

రామలింగం కళ్లు తుడుచుకుని, "అమ్మా, రిక్షా ఆగున్నది. సంచి తేవాల్నా?" అన్నాడు.

"పురుడున్న ఇల్లు ఇడిచిపెట్టి ఇంటికి పెద్దదాన్ని నేనెట్లొస్తరా? నువ్వు పో. పోయినంక తానం చెయ్యి, నీకు గూడ మైలే."

ఆ మధ్యాహ్నం ఆమె మజ్జిగ దాకా తిన్నది. నిజంగా తింటున్నదా అని పాండురంగం దుకాణం వదిలి రెండుసార్లు వచ్చి చూసి పోయాడు.

పురుడు ముగిసేవరకు గిర్మాజీపేట వాళ్లు కందిపప్పు వేరే దుకాణంలో కొన్నారు. "ఎవరికి పురుడు సేటూ?" అని అడిగితే "చుట్టాలకు" అనేవాడు. శుద్ధి అయ్యాక కోడి పిల్లలతో పెరట్లోకి దిగింది. సరస్వతమ్మ పిచ్చుకలకని చెప్పి నూకలు చల్లేది. కోడిపిల్లలు పిచ్చుకల వాటా తింటే ఆమె తప్పు కాదు. నేల మీద గద్ద నీడ పడిందంటే, కోడి పిల్లల్ని రెక్కల కిందికి పిలిచేలోపే ఆమె చేతికర్ర లేచేది. రెక్కలు వచ్చాక చిలుకమ్మ పిల్లల్ని గంపలో తీసుకుపోయింది. పెట్ట మాత్రం మరుసటి ఏడు తనంతట తానే గోడసందులోంచి వచ్చి, అదే గోనె మీద కూర్చుంది.

ఆ ఏడే తూకాలు తనిఖీ చేసే అధికారి ఒకాయన వచ్చాడు. గోదామంతా వెతికి, బస్తాల పక్కన ఉన్న అద్దసేరు రాయిని పట్టుకున్నాడు. రద్దయిన రాయి ఎందుకుందని గద్దించాడు. పాండురంగం చెమటలు తుడుచుకుంటుంటే సరస్వతమ్మ ముందుకొచ్చింది.

"అది తూకానికి కాదు నాయినా. పెట్టకోసం."

అధికారి కళ్లు మెరిశాయి. "ఏ పెట్టె?"

"పెట్టె కాదు, పెట్ట," అని ఆమె ఓపిగ్గా సరిదిద్దింది. "చెయ్యి వెట్టకు. పొడుస్తది."