తాతయ్య పూడ్చిన కన్నం

కన్నం కనిపిస్తే మా తాతయ్య చెయ్యి ఆగదు. నలభై ఏళ్ళు తాపీ పట్టిన మనిషి. పెళ్ళికి వెళితే పెళ్ళికూతుర్ని చూడడు, గోడల్లో పగుళ్ళు చూస్తాడు. ఒకసారి నన్ను బడిలో దింపడానికొచ్చి, మా తరగతి గోడకున్న బొక్క పూడ్చి వెళ్ళాడు. పక్క తరగతిలోకి నేను చీటీలు పంపే దారి అది. నా చదువు ఏడో తరగతిలో ఆగడానికి వేరే కారణాలున్నాయి గానీ, నెపం మాత్రం ఆ బొక్క మీదే పెడుతుంటాను.

అమ్మమ్మకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాటలు ఒకటీ అరా మిగిలాయి. తాతయ్య ఆమె మంచం కిటికీ పక్కకి జరిపాడు. అవతల పెరటి గోడ. అందులో పాత గొట్టం తీసేసిన చోట కన్నం. పూడుద్దాం అనుకునేలోపే అడవి తేనెటీగలు లోపల గూడు పెట్టేశాయి.

ఇక పొద్దున్నే, మాత్ర వేసుకోకముందే అమ్మమ్మ చూపు అటే. ఈగ బయటికొస్తే ఎడమచేతి వేలు ఒకటి లేచేది, లోపలికెళ్తే ముడుచుకునేది. ఆ వేలు కదలడం చూశాకే తాతయ్యకి ఆకలి వేసేది.

నేనేమో ఊరుకోక కన్నంలో పుల్ల పెట్టాను. పై పెదవి ఉబ్బి ముక్కుని తాకింది. పక్కింటి పిన్ని గోడ మీంచి తల పెట్టింది.

"బాబాయ్, పొగ పెట్టి తగలెయ్యరాదూ. రేపు మా పిల్లల్ని కుడితే?"

"మీ పిల్లల్ని కుట్టే ధైర్యం వాటికెక్కడిదమ్మా" అన్నాడు తాతయ్య. తర్వాత కిటికీ దగ్గరికొచ్చి, "ఏమంటావే? తీయించేయనా?" అని అడిగాడు.

అమ్మమ్మ చాలాసేపు పెదవులు కూడదీసుకుంది. "ఉండనీ. ముట్టుకోకు."

"ముట్టుకోను. నా తాపీ మీద ఒట్టు."

ఈగలు పిన్ని తలకి తగలకుండా ఎత్తుగా ఎగరాలని గోడ పైన గోనెపట్టా కట్టాడు. నా కోసం కింద ఇటుకలు వరసగా పేర్చి, "ఇది దాటావంటే రెండో పెదవి నేనే వాయగొడతా" అన్నాడు.

వానలు పట్టాయి. నాలుగు రోజులు ఒక్క ఈగా బయటికి రాలేదు. జల్లు కొడుతోందని కిటికీ మూసేశాం. నాలుగో సాయంత్రం తెరిపిచ్చింది. గోడ అడుగున పెచ్చులూడాయని తాతయ్య సిమెంటు మాలు కలిపాడు. మాలున్న గమేళా నేను పట్టుకున్నాను. అడుగు పూశాడు, పగుళ్ళు పూశాడు, ఈ కాలపు మేస్త్రీలని తిడుతూ తిడుతూ కన్నం మీద ఒక ముద్ద కొట్టి నున్నగా రుద్దాడు. కళ్ళెదుటే జరిగింది. ఇద్దరం చూడలేదు.

మర్నాడు ఫెళ్ళున ఎండ. కిటికీ తెరిచాం. అమ్మమ్మ చూసింది. చూస్తూనే ఉంది. ఒక్క వేలూ లేవలేదు.

"ఏవీ?"

తాతయ్య నవ్వుతూ గోడ వైపు తిరిగాడు. ఆ నవ్వు తీసేయడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు.

తన పూత ఊడదని వీధంతా గొప్పలు చెప్పుకునేవాడు. నిజంగానే ఊడలేదు. ఉలీ సుత్తీ పట్టి అరగంట కొట్టాడు. పెచ్చు లేచేసరికి గోడ మీంచి తేనె కారింది. తేనెలో ఈగలు, ముద్దలు ముద్దలుగా. బతికినవి పదో పన్నెండో ఆయన ముంజేతి మీదికి పాకాయి.

"ఒక్కటీ కుట్టలేదే పిల్లా" అన్నాడు నాతో. "ఒక్కటీ."

అమ్మమ్మ తిట్టి ఉంటే బతికిపోయేవాడు. "చెయ్యి... అలవాటు" అంది, అంతే. కిటికీలోంచి ఎడమచేత్తో ఆయన వేళ్ళకంటిన తేనె తుడిచింది. వారం రోజులు ఖాళీ కన్నాన్ని చూసింది. ఎనిమిదో రోజు, "మంచం తిప్పు" అంది. తిప్పాం.

కన్నం ఇప్పటికీ తెరిచే ఉంది. తాతయ్య రోజూ దాని కింద ఈగల కోసం పళ్ళెంలో నీళ్ళు పోస్తాడు. తాపీ అటక మీద తుప్పు పడుతోంది.

అమ్మమ్మ చివరి నెలంతా లోపలి గోడ కేసి చూస్తూ గడిపింది. పెళ్ళైన కొత్తలో తాతయ్య ఆమె కోసం పూసిన గోడ అది. చీమ దూరే సందు కూడా లేదు.