రాగి మాల్ట్‌తో చేసిన బీరు

మొన్న ముసఫ్ఫా దగ్గరి పాత ఫ్లాట్ ఖాళీ చేస్తుంటే, సామాను సర్దడానికి వచ్చిన కుర్రాళ్ళు వంటింటి గట్టు కింద నుంచి పెద్ద గాజు కూజా ఒకటి పైకి తీసి, ఇది చేపలు పెంచుకునేదా అని హిందీలో అడిగారు. అవునని తలూపేశాను గానీ, ఆ సాయంత్రమంతా మనసు కరోనా రెండో ఏట తిరుగుతూనే ఉంది.

నేను రిటైరయ్యాక, నర్సుగా పనిచేస్తున్న మా ఆవిడ వీసా మీదే ఈ ఎడారి దేశంలో ఉంటున్నాను. ఆ కూజా ఆవిడ తమ్ముడిది. నరసాపురం నుంచి వచ్చి ఇక్కడి గ్యారేజీలో మెకానిక్‌గా చేసేవాడు. ఏటా క్రిస్మస్‌కి అందులో ద్రాక్ష వైన్ పెట్టేవాడు. ఇంట్లో అలాంటివి చేయడం ఇక్కడ కుదరదని మా ఆవిడ గొణుగుతూనే ఉండేది, పండగ నాడు గ్లాసు మాత్రం ముందు తనే చాచేది. వైనుకి వాడి ముక్కే కొలత. గ్యారేజీలోనూ అంతే, బానెట్ ఎత్తగానే కాలింది వైరో క్లచ్చో వాసనతోనే చెప్పేసేవాడు.

కరోనా ఆ ముక్కునే పట్టుకుపోయింది. నెలలు గడిచినా వాసన రాలేదు. ముదీర్‌కి, అంటే మేనేజరుకి, తెలిస్తే ఖలాస్, ఇంటికి పంపేస్తాడన్న భయంతో గ్యారేజీలో ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడ కాఫీ పొడి, కర్పూరం ముక్కు దగ్గర పెట్టి అడిగితే, తెలుస్తోందక్కా అని అబద్ధమాడి ఆవిడను ఊరుకోబెట్టేవాడు. వైన్ మాత్రం ఇక పెట్టనన్నాడు. చెడిపోయినా తెలియనివాడు పదిమందికి పోయకూడదట.

ఖాళీ కూజాని చూస్తుంటే నాకో ఆలోచన వచ్చింది. థర్మామీటరు, గడియారం చూసుకుని చేసే బీరుకి ముక్కుతో అంత పనేముంటుంది? ఈ సరంజామాతోనే అది చేయవచ్చా? చదివిన కొద్దీ కుతూహలం పెరిగింది. ద్రాక్షని చిదిమితే చాలు, నిప్పుతో పనిలేదు. గింజలైతే వేడినీళ్ళలో నానాలి, వడకట్టాలి, ఆ నీళ్ళు మరగాలి, చల్లారాకే గాజులో పోయాలి. బిర్యానీ వండే డేగిసాకి అడుగున బావమరిది కుళాయి బిగించాడు, లోపల సింకు జల్లెడ అమర్చాడు. వైనుకి వాడే రబ్బరు బిరడా, గాలి బుడగలు పోయే వంపు గొట్టం మాత్రం అలాగే పనికొస్తాయి. బీరుకి చేదునిచ్చే హాప్స్ పువ్వులు దొరక్క మెంతులతో సరిపెట్టుకుందామనుకున్నాం.

ఇక మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ. ఫోన్‌లో వాడికి మాల్ట్ తెమ్మని మాత్రమే చెప్పాను. తెలుగువాళ్ళ కొట్టుకి వెళ్ళి రాగి మాల్ట్ పొట్లాలు తెచ్చాడు, అదీ యాలకులు వేసిన పిండి. మా ఆవిడ కుర్చీలో కూలబడి నవ్వింది.

"మీరు మాల్ట్ అన్నారు, తెచ్చాను. ఇందులో నా తప్పేముంది బావగారూ?" అన్నాడు.

"తప్పేం లేదురా, పొద్దున్నే మీ బావగారికి బీరే జావగా పోస్తాను," అంది మా ఆవిడ.

నిజానికి అదీ మొలకెత్తిన గింజే కదా, చూద్దాం అనుకున్నాను. డేగిసాలో వేడినీళ్ళతో కలిపి వడకట్టబోతే, పిండి జల్లెడకి అడ్డుపడి కుళాయి మూసుకుపోయింది. కనీసం మరిగిద్దామని అలాగే స్టవ్ మీద ఉంచి, ముగ్గురం హాల్లో కూర్చుని నా తెలివితేటల మీద జోకులేసుకుంటున్నాం. మధ్యలో బావమరిది మాట ఆపేశాడు.

"అక్కా, ఏదో మాడుతోంది."

మా ఇద్దరికీ ఇంకా ఏ వాసనా తగల్లేదు. మళ్ళీ అబద్ధమేమోనన్నట్టు వాడి ముఖంలోకి చూసింది మా ఆవిడ. నేను వంటింట్లోకి వెళ్ళి గరిటె పెట్టి చూస్తే, పైన జావ కుతకుతలాడుతోంది, అడుగు నల్లగా అంటుకుపోయి ఉంది. మాడిందని అక్కడినుంచే కేక వేశాను. స్టవ్ ఆపి వచ్చేసరికి మా ఆవిడ, తమ్ముడి తల రెండు చేతులా పట్టుకుని, ఇంకోసారి చెప్పమంటోంది.

"మాడుతోందక్కా. రాగి జావ మాడుతోంది," అన్నాడు వాడు, ఏడుస్తూ.

బీరు ఎలాగూ కాలేదు. డేగిసా తోమడానికి మర్నాడంతా పట్టింది. తర్వాత వాసనలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి గానీ, ద్రాక్షది మునుపటిలా లేదంటాడు. ఇప్పుడు వాడు దూరాన ఖోర్ ఫక్కాన్ పోర్టులో పని చూసుకున్నాడు, పండగకి వైన్ సీసా కొట్లో కొనుక్కుంటున్నాం. కొత్త ఫ్లాట్‌లో వంటింటి పైకప్పుకి పొగ పసిగట్టే అలారం పెట్టారు. నిన్న పోపు మాడితే అదే మోగింది. మా ఆవిడ డ్యూటీలో ఉంది. నేనొక్కణ్ణే లేచి దాని నోరు మూయించి, వచ్చి కూర్చున్నాను.