గడప బయట పెట్టిన పెట్టె

నేల కంపనాలను కొలిచే ఉద్యోగం నాది. ఉప్పల్‌లో ఆఫీసు, లాలాపేట్‌లో అద్దె గది, రెండింటికీ మధ్య సైకిలు. అరవైల చివర్లో కోస్తా నుంచి కొత్తగా వచ్చిన నాకు డిగ్రీ ఒకటి, దాన్ని మించిన అహం ఒకటి ఉండేవి. ఏం పని బాబూ అని ఎవరడిగినా పాఠం మొదలుపెట్టేవాణ్ణి. చెరువులో రాయి వేస్తే అల ఒడ్డుదాకా వస్తుంది, నీళ్లు మాత్రం రావు. మధ్యలో తేలే గడ్డిపరక ఉన్నచోటే పైకీ కిందికీ ఊగుతుంది. నడిచేది నీరు కాదు, ఊపు. శబ్దమైనా అంతే, భూకంపమైనా అంతే. అడిగినవాళ్లు తలాడించి వెళ్లిపోయేవారు. అర్థంకాక వెళ్లారనుకునేవాణ్ణి గాని, నా ధోరణి భరించలేక వెళ్లారని తోచేది కాదు.

ఆ రోజుల్లో నాచారం అవతల కొత్త ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. వాటికి కంకర కావాలి. కంకర కోసం ఒక గుట్టను రోజూ మధ్యాహ్నం మందుపెట్టి పేల్చేవారు. గుట్ట కింద పది పన్నెండు మట్టి ఇళ్లు ఉండేవి. గోడలు పగులుతున్నాయని వాళ్లు అర్జీ పెట్టుకుంటే, కొలిచి రమ్మని మా పెద్దసారు నన్ను పంపారు. ఊపు హద్దు మీరిందని నేను రాస్తే గుత్తేదారు మందు తగ్గించాలి. మీరలేదని రాస్తే పేలుళ్లు అలాగే సాగుతాయి. ఆ గోడలు నిలవడమూ కూలడమూ నా కాగితం మీద ఉందన్నమాట.

అర్జీ పెట్టించింది ఒక ముసలమ్మ. భర్త రాళ్లు కొట్టేవాడట, పోయి చాలా ఏళ్లయింది. కొడుకు పొద్దున్నే ఫ్యాక్టరీకి పోతే ఇంట్లో ఆమె, కోడలు. నేను ఊపు కొలిచే పెట్టెతో జీపు దిగేసరికి గుమ్మం ముందు నిలబడి ఉంది.

“లోపటికి రా సారూ. నీ డబ్బా ఇంట్లనే పెట్టు. పగిలేది ఇల్లు గదా.”

గడప దగ్గర ఆగిపోయాను. అప్పుడే పేడతో అలికిన నేల, ఇంకా తడి ఆరలేదు. నా కాళ్లకు ఆఫీసువాళ్లిచ్చిన పొడుగు బూట్లు, పిక్కలదాకా లేసులు. అవి విప్పాలి, ఆ తడిలో నడవాలి, తుడిచి మెరిపించుకున్న పెట్టెను పేడ మీద దించాలి. నాకు మనసొప్పలేదు. నిజం ఇంతే. తర్వాత నాకు నేను చెప్పుకున్నవన్నీ సాకులు.

సాకు చేతిలోనే ఉంది. పెట్టె ఒరగకుండా గట్టి నేల మీద పెట్టాలని మా నియమం. ఇంటికి ముప్పై అడుగుల దూరంలో చదునైన బండ ఉంది. దాని మీద పెట్టాను.

“బండ మీద పెడితివేంది సారూ? మా ఇల్లు బండ మీద లేదు. గిది కుంట పూడ్చిన జాగ. తవ్వితే ఇప్పటికీ బురదనే ఎల్తది.”

“అల దూరం పోయేకొద్దీ నీరసిస్తుందమ్మా. గుట్టకు ఈ బండే దగ్గర. బండే కదలకపోతే మీ ఇల్లేం కదులుతుంది?”

ఆమె లోపలికి పోయింది. ఇత్తడి తాంబాళం తెచ్చి, గడప లోపల నేల మీద పెట్టి, అంచుదాకా నీళ్లు పోసింది. “నా డబ్బా గిదే” అంది. నాకు నవ్వొచ్చింది. దాచుకోలేదు కూడా.

గుట్ట మీద ఎర్రజెండా ఊపారు, ఈల వేశారు. ముందు అరికాళ్లలో చిన్న జివ్వు, ఆ వెనక చెవుల్లో చప్పుడు. అల గాలిలో కంటే రాతిలో వేగంగా నడుస్తుంది కాబట్టి పేలుడు సంగతి చెవికంటే ముందు పాదానికి తెలుస్తుంది. ఆ తేడా పట్టుకున్నందుకు మురిసిపోతూ పెట్టెలోని కాగితం చూశాను. ముల్లు గీసే గీత కాస్త వణికి సర్దుకుంది, అంతే.

“నీళ్లు దుంకినయ్ సారూ. జర లోపటికొచ్చి సూడు.”

గడప బయటి నుంచే మెడ చాచాను. తాంబాళం చుట్టూ అలుకు మీద చేటంత నీళ్ల మరక. కోడలు ఆ మూల, అత్త ఈ మూల, ఇద్దరూ తాంబాళానికి దూరంగా నిలబడి ఉన్నారు. నా కళ్లతో చూశాను. చూసి కూడా, “ఎవరి కాలో తగిలి ఉంటుంది” అన్నాను.

మర్నాడు రిపోర్టు రాశాను. గోడలకు హాని కలిగించేంత ఊపు లేదు.

ఆ వానాకాలం, ముసురు పట్టిన నాలుగో రోజున, పేలుడుతోపాటే ఆ ఇంటి వెనక గోడ కూలింది. ముసలమ్మ కుడిచేయి దాని కింద నలిగిపోయింది. రెండో అర్జీ ఆఫీసుకు వచ్చినప్పుడు గాని నాకు తెలియలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, పెట్టె తీసుకుని మళ్లీ వెళ్లాను.

ఈసారి ఎవరూ పిలవకముందే బూట్లు విప్పాను. కోడలికి నెలలు నిండి వంగలేకపోతోంది. అలికి చాలా రోజులైన నేల పెచ్చులు లేచి ఉంది. పెట్టెను తాంబాళం ఉన్న చోటే దించాను. పేలుడుకు ముల్లు కాగితం అంచుకు పోయి కొట్టుకుంది.

వంటింటి గట్టును తడితే గట్టు కదలదు, దాని మీది గిన్నెలో జున్ను వణుకుతుంది. మెత్తని నేలలోకి వచ్చిన అల మెల్లబడి, ఎత్తు పెరుగుతుంది. ఇది నాకు తెలియని సంగతి కాదు, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు.

నా రెండో రిపోర్టుతో మందు తగ్గించారు. “పూడ్చిన నేల సంగతి భలే పట్టావయ్యా” అని పెద్దసారు నలుగురిలో మెచ్చుకున్నారు. తల వంచుకుని నిలబడ్డాను. వినయమనుకున్నారు. అది నాకు మొదటిరోజే ఒకావిడ చెప్పిందని, నేను నవ్వానని, అనలేకపోయాను. ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

కానీ నన్ను నిద్రపోనివ్వనిది ఆ మెప్పు కాదు. రెండోసారి కొలిచిన రోజు, పని ముగించి గడప బయట కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాను. ముసలమ్మ వచ్చి పక్కన నిలబడింది. కట్టుకట్టిన చేయి మెడకు వేలాడుతోంది. వేళ్లు ఇక ముడుచుకోవని దవాఖానాలో చెప్పారట.

“తప్పు చేశానమ్మా. ఆ రోజే లోపలికి రావలసింది” అన్నాను.

ఆమె నా లేసుల వైపు చూసింది.

“బూట్లు ఇడ్సబుద్ధి గాక ఆగినవని నాకు గా దినమే ఎర్కైంది” అంది. గొంతులో కోపం లేదు. “బూట్లతోనే రాకపోతివా బిడ్డా. మళ్ల అలుక్కుంటుంటి గదా.”